గంట ఎంతయింది మామా?

మొన్న ఆదివారం పొద్దున, ఇంకా పాలవాడైనా రాకముందే, పుంగనూరు నుంచి మా మేనల్లుడు వచ్చి మదనపల్లెలో మా ఇంటి గుమ్మం ముందు దిగాడు. పుంగనూరేమీ దూరాభారం కాదు, బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. అయినా మావాడు పండక్కి తప్ప రాడు. వాడి ముఖం చూడగానే మా ఇంటావిడ, "ఏమిరా అబ్బీ, రాత్రి నిద్ర లేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాఫీ కలపడానికి లోపలికి పోయింది. వాడు కుర్చీలో కూలబడి, "ఉద్యోగం పోయేట్టుంది మామా" అన్నాడు.

"ఏం చేశావురా?"

"నేనేం చేయలేదు. గడియారం చేసింది."

నలభై ఏళ్లపాటు బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆలస్యంగా వచ్చిన ప్రతి కుర్రవాడూ తప్పును గడియారం మీదికి తోయడం నాకు కొత్త కాదు. కాని వాడు చెప్పుకొచ్చిన సంగతి విన్న తరువాత, ఈ వారం మా ఊరి టమాటా మండీని గురించి రాద్దామని సిద్ధం చేసుకున్న కాగితాలు పక్కన పెట్టి, ఇదే రాస్తున్నాను. టమాటాలెక్కడికి పోతాయి? పోయినా మళ్లీ కాస్తాయి.

మావాడు పుంగనూరు దగ్గర పాలు సేకరించే ఒకచోట కంప్యూటర్లు చూసుకుంటాడు. పేరెందుకులెండి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు పొద్దునా సాయంత్రమూ క్యాన్లు పట్టుకుని వస్తారు. ఒక యంత్రం పాలు తూస్తుంది, ఇంకొకటి వెన్న ఎంత ఉన్నదో చూస్తుంది, చీటీ వస్తుంది. (పుంగనూరు పాలంటే మీకు నడుమెత్తు కూడా లేని ఆ పొట్టి ఆవు గుర్తుకు రావచ్చు. దాన్ని ఇప్పుడు ముచ్చటకు పెంచుకునేవారే ఎక్కువ. క్యాన్లు నింపేవి సంకరజాతి ఆవులు.) పదిహేను రోజులకొకసారి ఆ చీటీలన్నీ కూడి, లెక్కకట్టి, ఎవరి డబ్బు వారి బ్యాంకు ఖాతాకు పంపుతారు. ఈ లెక్క రెండు గంటల పని. పన్నెండింటికి మొదలుపెడితే రెండింటికి అయిపోయేది, బ్యాంకు గడువులోగా డబ్బు చేరేది.

పాత కంప్యూటరు కాస్తా చచ్చిపోయింది. బెంగుళూరు నుంచి ఎవరో వాడి వదిలేసిన పెద్ద కంప్యూటరు ఒకటి చవకగా తెచ్చారు. ఒక ప్రాసెసరు కాదు, రెండు ఉన్నాయి దానిలో. ఒక ఎద్దు లాగిన బండిని జోడెడ్లు లాగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందనుకున్నారు. మొదటి జీతాల రోజు, అంటే పాలడబ్బుల రోజు, రెండు గంటల లెక్క అయిదు గంటలు పట్టింది. బ్యాంకు గడువు దాటిపోయింది. మరునాడు సెలవు. రెండోసారీ అంతే. ఆ రెండోసారి ఒకామె గుమ్మంలో నిలబడి, "నా పాలు అబద్ధమా సార్, మీ మిషను అబద్ధమా?" అని అడిగిందట. ఆమె కొడుకు కాలేజీ ఫీజుకు ఆ రోజే ఆఖరు. మావాడు తన జేబులోనుంచి కొంత ఇచ్చి పంపాడు. మేనేజరుగారు మాత్రం, "మూడోసారి ఇట్లాగే అయితే నువ్వు ఇంట్లో కూర్చోవచ్చు" అన్నారు.

"అయితే ఆ ప్రాసెసర్లు సోమరివా?" అన్నాను.

"కాదు మామా. అవి మహా చురుకైనవి. కాని ఆ కంప్యూటరుకు గంట ఎంతయిందో చూడటానికే సగం పొద్దు పోతున్నది."

అది వినగానే నాకు కుప్పం గుర్తుకు వచ్చింది.

నా చిన్నతనంలో మా నాయన ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్లు కుప్పంలో ఉన్నాము. మద్రాసు నుంచి జోలార్‌పేట మీదుగా బెంగుళూరు పోయే రైలు ఆ ఊరి మీదనే పోతుంది. 1864లో మద్రాసు రైల్వేవారు ఆ దారిని బెంగుళూరు దాకా వేశారు. ఊళ్లో ఎన్ని గడియారాలున్నా నమ్మదగినది స్టేషను గడియారం ఒక్కటేనని మా నాయన సిద్ధాంతం. దానికి తగ్గ చరిత్రా ఉన్నది. సూర్యుణ్ణి నమ్ముకుంటే ఊరికొక మధ్యాహ్నం. రైళ్లు నడిపేవారికి అది కుదరదు గనక, మద్రాసు నక్షత్రశాలవారి గడియారాన్ని ప్రమాణం చేసుకుని, తంతి ద్వారా స్టేషన్లకు సమయం పంపేవారు. మద్రాసు కాలమంటే అదే. 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల రేఖను పట్టుకుని ఇప్పటి భారత ప్రామాణిక కాలం వచ్చింది. ఆ రేఖ మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ దానికి నాలుగు డిగ్రీలు పడమర. అందుచేత గడియారంలో పన్నెండయిన సుమారు పదహారు నిమిషాలకు గాని మా నెత్తిమీదికి పొద్దు రాదు. ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారు ఈ పదహారు నిమిషాల లెక్క చూసుకున్నారో లేదో కనుక్కోండి.

సరే, కుప్పం సంగతి. మా గోడగడియారం ఆగిపోయినప్పుడల్లా మా నాయన, "ఒరే, స్టేషనుకు పోయి గంట ఎంతయిందో చూసి రా" అనేవాడు. నేను పరుగెత్తుకు పోయి, చూసి, "తొమ్మిదీ పది, తొమ్మిదీ పది" అని జపం చేసుకుంటూ పరుగెత్తుకు వచ్చి చెప్పేసరికి తొమ్మిదింబావు దాటేది. అందుకు మా నాయన ఒక ఉపాయం చేసేవాడు. నేను పోయి రావడానికి మొత్తం ఎంతసేపు పట్టిందో చేతి గడియారంలో చూసుకుని, అందులో సగం నేను తెచ్చిన గంటకు కలిపి, గోడగడియారం ముల్లు తిప్పేవాడు. ఇంటర్నెట్టు మీద కంప్యూటర్లు ఒకదాన్నొకటి గంట అడిగేటప్పుడు సరిగ్గా ఇదే లెక్క కడతాయని మావాడు చెబితే నాకు గర్వం కలిగింది. వచ్చేటప్పుడు దారిలో మామిడితోపు దగ్గర ఆగానంటే మాత్రం లెక్క చెడేది. కంప్యూటర్లకూ పోయే దారి ఒకతీరు, వచ్చే దారి ఒకతీరు అయితే అదే చిక్కట.

ఇప్పుడు చూడండి. మా నాయన చేతిగడియారం చూడటానికి కన్ను వాలిస్తే చాలు. కాని అది నిక్కచ్చిగా నడుస్తుందని నమ్మకం లేదు. స్టేషను గడియారాన్ని నమ్మవచ్చు. కాని చూసి రావడానికి ఒక మనిషి పావుగంట పరుగు. కంప్యూటరుకూ సరిగ్గా ఇదే బాధ. దాని పొట్టలో ఒకటి కాదు, నాలుగైదు గడియారాలున్నాయి. ఏది చూడాలన్నది దాని ఆపరేటింగ్ సిస్టం, అంటే ఆ యంత్రంలో ఇల్లాలివంటిది, నిర్ణయించుకోవాలి.

వీటిలో పెద్దముత్తయిదువ ఒకటున్నది. 1981లో ఐ.బి.ఎం. వారు తమ పర్సనల్ కంప్యూటరు తయారు చేసినప్పుడు దానిలో ఒక స్ఫటికం పెట్టారు. సెకనుకు 1,43,18,180 సార్లు కొట్టుకుంటుంది. ఈ వింత అంకె ఎక్కడిదంటే, అమెరికాలో రంగుల టెలివిజనుకు వాడే సంకేతానికి ఇది సరిగ్గా నాలుగు రెట్లు. కంప్యూటరును టెలివిజనుకు తగిలించుకోవచ్చునని ఆ స్ఫటికాన్నే పెట్టి, దాన్ని పన్నెండు పెట్టి భాగించి, సెకనుకు 11,93,182 కొట్టే టైమరుకు ఇచ్చారు. ఆ టైమరు లెక్కించగలిగింది 65,536 దాకానే. భాగహారం చేసి చూడండి, సెకనుకు 18.2 సార్లు గంట కొడుతుంది. పద్దెనిమిదీ కాదు, ఇరవయ్యీ కాదు. మా బడిలో ఏ కుర్రవాడైనా ఇటువంటి జవాబు తెస్తే లెక్క మళ్లీ చేయించి ఉండేవాణ్ణి. అయినా తరతరాల కంప్యూటర్లు ఆ 18.2 మీద కాపురం చేశాయి.

తరువాత వచ్చినది ఒకటి, అదే టెలివిజను సంఖ్య, సెకనుకు 35,79,545. కరెంటు పొదుపు కోసం ప్రాసెసరు నిద్రపోయినా ఇది మాత్రం మేలుకుని ఒకే తీరున నడుస్తుంది. కాని దాని తొట్టి చిన్నది, సుమారు 4.7 సెకన్లకు నిండి మళ్లీ సున్న నుంచి మొదలవుతుంది. కొన్ని పాత కంప్యూటర్లలో దీనికొక జబ్బు కూడా ఉండేది. అంకె మారుతున్న క్షణంలో అడిగితే తప్పు చెప్పేది. అందుకని మూడుసార్లు అడిగి, మూడు జవాబులూ పోల్చి చూసి గాని నమ్మేవారు కాదు. ఆ తరువాత ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన హెచ్.పి.ఇ.టి. అనే టైమరు వచ్చింది. సెకనుకు కనీసం కోటి సార్లు కొట్టుకుంటుంది. ఇవి కాక, కంప్యూటరు ఆపేసినా తేదీ మరిచిపోకుండా చిన్న బ్యాటరీ మీద నడిచే గడియారం ఒకటి. మీ చేతి క్వార్ట్జు గడియారంలో కొట్టుకునే 32,768 సంఖ్యే దానిదీను. ఒకటిని పదిహేనుసార్లు రెట్టింపు చేస్తూ పోతే వచ్చే సంఖ్య అది. సగం, సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి దగ్గర ఆగుతుంది.

ఇవన్నీ ప్రాసెసరుకు బయట, వేరే చోట కూర్చున్నవి. అంటే స్టేషను గడియారాలన్నమాట. అడగటానికి పోయి రావాలి. ఆ పోయి రావడం ఒక మైక్రోసెకను అటూ ఇటూ, సెకనులో పదిలక్షల వంతు. "అదీ ఒక ఆలస్యమేనా?" అన్నాను. "మామా, ఆ సేపట్లో ప్రాసెసరు వేల పనులు చేసుకోగలదు" అన్నాడు.

చేతిగడియారం 1993లో వచ్చింది. పెంటియం అనే ప్రాసెసరులో ఇంటెల్ వారు ఒక లెక్కపెట్టె పెట్టారు. ప్రాసెసరు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటే దానిలో అంత అంకె పెరుగుతుంది. టి.ఎస్.సి. అంటారు. ఇప్పటి వేగంతో సెకనుకు మూడు వందల కోట్లు. అయినా పెట్టె ఎంత పెద్దదంటే, నిండటానికి దాదాపు 195 ఏళ్లు పడుతుంది. ఇది ప్రాసెసరు లోపలే ఉన్నది గనక ఎక్కడికీ పోనక్కరలేదు. చూడటానికయ్యే సేపు బయట గడియారంకంటే పదుల రెట్లు తక్కువ.

మరింకేం, దాన్నే వాడుకోవచ్చు గదా? అక్కడే ఉన్నది తిరకాసు. కరెంటు ఆదా చేయడానికి ప్రాసెసర్లు పనిలేనప్పుడు గుండె వేగం తగ్గించుకోవడం నేర్చుకున్నాయి. గుండె కొట్టుకోవడాన్నే లెక్కపెట్టే గడియారం అప్పుడేమవుతుంది? మెల్లగా నడిచినప్పుడల్లా తన చేతిగడియారం కూడా మెల్లగా నడిచే మనిషిని ఊహించుకోండి. ఆఫీసుకు పరుగెత్తే రోజున గడియారమూ పరుగెత్తుతుంది. ప్రాసెసరు గాఢనిద్ర పోతే గడియారమే ఆగిపోతుంది. ఇక ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములుండి, ఎవరి గడియారం వారిదైతే, పొద్దున్నే ఏ గడియారం నిజమన్న తగాదా ఉండనే ఉన్నది. 2008 నాటి ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ వారు ఈ లెక్కపెట్టెను గుండె వేగంతో సంబంధం లేకుండా, నిద్రలోనూ ఒకే తీరున నడిచేట్టు చేశారు. అయినా పెద్ద యంత్రాల్లో రెండు ప్రాసెసర్లు రెండు వేర్వేరు క్షణాల్లో లెక్క మొదలుపెడితే ఆ తేడా అట్లాగే మిగిలిపోవచ్చు.

మావాడి కంప్యూటరులో నడిచేది లినక్సు. లినక్సువాళ్లు ఈ గడియారాలకు మార్కులు వేసి పెట్టారని వినగానే నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. నాలుగు వందలు దాటినది ఆదర్శమైనదట. మూడు వందలు వస్తే కోరదగినది. రెండు వందల పైన మంచిదే. వందలోపు పనికిరానిది. ప్రాసెసరులోని చేతిగడియారానికి 300. హెచ్.పి.ఇ.టి.కి 250. టెలివిజను సంఖ్య గడియారానికి 200. 18.2 ముసలమ్మకు 110. ఏదీ లేనప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టుకునే పద్ధతి ఒకటున్నది, దానికి 1. సున్న వేయకుండా ఒకటి వేసిన ఆ మాస్టరెవరో దయగలవాడు. ఇట్లా గడియారాలన్నీ ఒక వరసలో నిలబెట్టి ఏరుకునే పద్ధతిని జాన్ స్టల్ట్జ్ అనే ఆయన రూపొందించగా 2006లో లినక్సులో చేర్చారు.

మార్కులు వేసి ఊరుకోలేదు. ఎక్కువ మార్కుల చేతిగడియారాన్ని వాడుకుంటూనే, అర సెకనుకొకసారి స్టేషను గడియారంతో సరిపోల్చి చూస్తుంది. తేడా హద్దు మీరిందా, ఇది నమ్మదగినది కాదని చిట్టాలో ఒక వాక్యం రాసి, చేతిగడియారాన్ని తీసి అవతల పెట్టి, రెండోర్యాంకు దాన్ని పట్టుకుంటుంది. మావాడి యంత్రంలో జరిగినది ఇదే. రెండు ప్రాసెసర్ల లెక్కలూ కలవలేదు. లినక్సు హెచ్.పి.ఇ.టి.కి మారిపోయింది. పాలలెక్క చేసే ప్రోగ్రాము గంట అడిగినప్పుడల్లా కుప్పం స్టేషనుకు పరుగు.

"ఆ చేతిగడియారాన్నే నమ్ముకోమని గట్టిగా చెప్పరాదా?" అన్నాను.

మావాడు తల వంచుకున్నాడు. "చెప్పినా మామా. నిన్న సాయంత్రం చెప్పినా."

కంప్యూటరు మొదలెట్టేటప్పుడే, పరీక్షలేమీ పెట్టకు, దీన్ని నమ్ము అని ఆజ్ఞ ఇచ్చే వీలున్నదట. మేనేజరుగారు నిలబడి చూస్తున్నారు. ఆజ్ఞ ఇచ్చాడు. లెక్క ఝామ్మని సాగింది. మేనేజరుగారు వీపు తట్టి వెళ్లిపోయారు. ఆరు గంటలకు పాల క్యాన్లు రావడం మొదలైంది. తూకం యంత్రం చెప్పేది ఒక ప్రాసెసరు రాసుకుంటుంది, వెన్నయంత్రం చెప్పేది రెండోది. ఏ తూకానికి ఏ వెన్న అన్నది సమయాన్ని బట్టి జతచేస్తుంది ప్రోగ్రాము. పది చీటీలు కూడా కాకముందే మావాడికి అనుమానం వచ్చింది. నీళ్లపాలు పోసే ఒకాయనకు మంచి వెన్న పడింది. వెనకాల నిలబడ్డామెకు, ఎన్నడూ చుక్క నీళ్లు కలపని మనిషికి, ఆయన వెన్న పడింది. ధర కట్టేది వెన్నను బట్టే గదా. రెండు ప్రాసెసర్ల మధ్య ఉన్న కొద్ది సెకన్ల తేడాలో ఒకరి వెన్న మరొకరి ఖాతాలోకి పోతున్నది.

వాడు యంత్రం ఆపేసి, ఆ పది మందినీ వెనక్కు పిలిచి, మళ్లీ తూచి, మిగిలినవారికి చేత్తో చీటీలు రాశాడు. రాత్రి తొమ్మిదిన్నరయిందట. మేనేజరుగారు ఫోనులో, "బాగా పరుగెత్తుతున్న గుర్రాన్ని నువ్వెందుకు ఆపావు?" అన్నారు. పాలు పోసేవాళ్లకు ఆ తేడా తెలియనే తెలియదు, పదిహేను రోజులకు అటూ ఇటూ సర్దుకుంటుంది అని కూడా అన్నారట. ఆ మాటకు మావాడికి రాత్రంతా నిద్ర పట్టలేదు. మళ్లీ స్టేషను గడియారానికే మార్చి, పొద్దున్నే మొదటి బస్సెక్కాడు.

మా ఇంటావిడ ఇడ్లీలు తెచ్చి పెట్టి, అంతా విని, ఒక ప్రశ్న వేసింది. "అన్నిసార్లు గంట చూస్తూ కూర్చోవడమెందుకురా? నేను కుక్కరు పెట్టి మూడు కూతలు వచ్చేదాకా నా పని నేను చేసుకోనూ?"

ఈవిడ అడిగినది వేరే సంగతి. అయినా అదీ ఈ గడియారాల కథలోదే గనక చెబుతాను. గంట ఎంతయిందని చూడటం ఒకటి, ఫలానా వేళకు నన్ను లేపు అనడం ఒకటి. పూర్వం రాజుల కోటల్లో నీళ్లతొట్టిలో అడుగున చిల్లిపెట్టిన గిన్నె వేసేవారు. అది నిండి మునిగితే ఒక ఘడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు. మన గడియారం అన్న మాటే ఆ ఘడియలో నుంచి వచ్చింది. గిన్నె మునిగినప్పుడల్లా కాపలావాడు లేచి గంట కొట్టాలి. కొట్టవలసిన పని ఉన్నా లేకున్నా వాడికి నిద్ర లేదు. కంప్యూటర్లలోనూ చాలాకాలం ఇదే పద్ధతి. 1991లో లినక్సు పుట్టినప్పుడు సెకనుకు వందసార్లు ప్రాసెసరును తట్టి లేపేవారు. తరువాత వెయ్యి చేశారు. కరెంటు దండుగని 2005లో 250కి తగ్గించారు. చేయడానికి పనే లేకపోయినా లేవాలి, చూడాలి, పడుకోవాలి. 2007లో గాని ఆ తంతు మారలేదు. ఇప్పుడు పడుకోబోయే ముందు, మళ్లీ ఎప్పుడు పని ఉన్నదో చూసుకుని, ఆ వేళకు మాత్రం అలారం పెట్టుకుని పడుకుంటుంది. మీ ఫోను రాత్రంతా దిండు పక్కన పడి ఉన్నా తెల్లవారేసరికి బ్యాటరీ నిలబడి ఉంటున్నదంటే, ఈ కుక్కరు కూత పద్ధతి కూడా ఒక కారణం.

"అత్తా, నువ్వు బెంగుళూరులో ఉండవలసినదానివి" అన్నాడు మావాడు, ఆ పొద్దున మొదటిసారి నవ్వుతూ.

ఆవిడ మాట నాకు మరో దిక్కుగా తగిలింది. ఇంతసేపూ మావాడు ఏ గడియారం చూడాలన్నదే చెబుతున్నాడు. నేను లెక్కల మాస్టరును గనక నాకొకటి తోచింది. "ఒరే, స్టేషనుకు పోయి రావడం పావుగంట. రోజుకొకసారి పోతే మా నాయనకు నష్టం లేదు. అడుగడుక్కూ పంపితే గదా నేను చచ్చేది? నీ ప్రోగ్రాము గంట ఎన్నిసార్లు అడుగుతున్నది?"

వాడు ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

ఆ ప్రోగ్రాము ఎవరో ఏనాడో రాసి ఇచ్చిపోయినది. పాత కంప్యూటరులో చేతిగడియారం బాగా నడిచేది గనక, గంట అడగటం దమ్మిడీ ఖర్చు లేని పని. ఎన్నిసార్లు అడుగుతున్నదో ఎవరికి కావాలి? మావాడు సంచిలోనుంచి తన కంప్యూటరు తీసి మా భోజనాల బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. రెండింటికి, "మామా, ఇటు చూడు" అని కేకేశాడు. నాకు అర్థమయ్యే భాష కాదు గాని, వాడు వేలుపెట్టి చూపించినది ఇదీ. ప్రోగ్రాము రాసినవాడు పరీక్షించుకోవడానికి, ఒక్కొక్క చిన్న లెక్కకూ ముందొకసారి, తరువాత ఒకసారి గంట చూసి రాసుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ఒక చీటీ కూడటానికి ఒకసారి, ధర గుణించడానికి ఒకసారి, దాణా బాకీ తీసివేయడానికి ఒకసారి. తన పరీక్ష అయిన తరువాత ఆ వరసలు తీసేయడం మరిచిపోయాడు. పచ్చడి చేస్తూ ఒక్కొక్క మిరపకాయ నూరడానికి ముందూ వెనకా గడియారం చూసే ఆడమనిషిని తలచుకోండి. దానిలోనూ ప్రతిసారీ స్టేషనుకు పోయి చూసి రావాలి!

ఇంకొకటి కూడా బయటపడింది. తూకానికీ వెన్నకూ జత కుదర్చడానికి అసలు సమయం అక్కరలేదు. క్యాను రాగానే ఒక సంఖ్య ఇచ్చి, రెండు యంత్రాల మీదా అదే సంఖ్య వేస్తే సరిపోతుంది. ముందొచ్చినది ఒకటి, తరువాతది రెండు. గడియారం ఊసే లేదు.

"ఇంత తేలికా?" అన్నాను. "రాయడం తేలికే. మేనేజరుగారికి చెప్పడమే కష్టం" అన్నాడు. సంఖ్య పద్ధతికి తూకం దగ్గర మరో మనిషి కావాలి, లేదా ఉన్న మనిషికి మరో పని. పది చీటీలు తప్పు పడ్డ సంగతి కాగితం మీద పెట్టి మరీ అడుగుతానన్నాడు. ఒద్దు, నోటితో చెప్పు చాలు అందామనుకున్నాను. ఉద్యోగం చేసుకునే పిల్లవాడు. కాని ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా చేత్తో చీటీలు రాసినవాడికి నేను చెప్పేదేముంది? ఊరుకున్నాను. మా అక్కయ్యకు మాత్రం ఫోను చేసి, వాడికి నాలుగు రోజులు నచ్చినవి వండి పెట్టమన్నాను.

నిన్న పాలడబ్బుల రోజు. పొద్దుటి నుంచీ నేను ఫోను పక్కనే కూర్చున్నాను. ఒంటిగంటన్నరకు మోగింది. లెక్క అయిపోయింది, బ్యాంకుకు పోయింది. సంఖ్య పద్ధతి మేనేజరుగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆలోచిస్తామన్నారు. కాగితం మాత్రం తీసుకుని సొరుగులో పెట్టుకున్నారు.

"అయితే ఆ చేతిగడియారం బాగయిందా?" అని అడిగాను.

"యాడ మామా! ఇప్పటికీ స్టేషను గడియారమే. పోయేది మాత్రం క్యానుకొకసారే."